ఐదువందల రెండు

పడవల వేళలు చెప్పే సర్వర్
తెల్లవారుజామున నాలుగింటికి మూగబోయింది.
తెరమీద ఒకటే అంకె, ఐదువందల రెండు.
వాన పడుతోంది. చిలోయె దీవిలో అది వార్త కాదు.

మొదటి ఫోను బెలార్మినోది:
"ఇసౌరా, నా పడవ ఉందా లేదా?"
నీ కాళ్ళ కిందే ఉంది కదయ్యా అన్నాను.
"ఉంది. నీ తెరలో లేదు. అందుకే ఎవరూ రావడం లేదు."

నువ్వు నిద్రకళ్ళతో వచ్చావు అయెలేన్,
ఉన్ని మేజోళ్ళు చెరో రంగువి,
చంకలో ఖాళీ లాప్‌టాప్.
వస్తూనే, ప్రోగ్రామింగ్ నేర్చుకోడానికి
ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మంచిది టీచర్ అన్నావు,
ఇల్లు అంటుకుంటే గోడలకి ఏ రంగు బాగుంటుందని అడిగినట్టు.
కూర్చో. పొయ్యిలో కట్టె వెయ్యి.

ఈ అంకెకి అర్థం
వీధి గుమ్మంలో మనిషి ఉన్నాడు,
వంటింట్లో మనిషి పలకడం లేదు.
వచ్చినవాళ్ళకి గుమ్మంలోవాడే కనబడతాడు గనక
తిట్లన్నీ వాడికే.

రీస్టార్ట్ చేద్దామన్నావు. చేశావు.
లేచింది. చప్పట్లు కొట్టావు.
ఇల్లలకగానే పండగా?
నలభై సెకన్లు. మళ్ళీ అదే అంకె.

లాగ్ తెరిచాను. నలభై ఏళ్ళు లెక్కల పేపర్లు దిద్దిన కళ్ళు,
తప్పు ఎర్రగా ఉంటుందనుకుంటాయి.
ఇందులో అన్నీ ఒకే తెలుపు.
నేను కిందనించి పైకి, పైనించి కిందకి.
నువ్వే, ఆవులిస్తూ, వేలు పెట్టి చూపించావు:
"ఈ చివరి వరుస సగంలోనే ఆగిపోయిందేం?"

మాట మధ్యలో. అక్షరం తరవాత అక్షరం రాయబోతూ.
కాగితం అయిపోయిన గుమాస్తాలాగా.

డిస్క్ నూటికి నూరు నిండింది.
దేంతో అంటే, ఒకే ఒక్క ఫిర్యాదుతో.
చుయిత్ దీవి దగ్గర ఆటుపోట్లు కొలిచే పరికరం
మార్చి తుఫానులో కొట్టుకుపోయింది కదా,
దాన్ని ఈ పిచ్చిది సెకనుకోసారి పిలుస్తూనే ఉంది,
పలకలేదు అని రాసుకుంటూనే ఉంది,
ఏడు నెలలు.

ఆ పేరు పట్టికలోంచి తీసెయ్యాల్సింది నేను.
రేపు తీద్దామనుకున్నాను.
తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని.

ఫైలు చెరిపేశావు. చోటు రాలేదు.
నా మొహం చూశావు.
ఎవరో ఇంకా దాన్ని తెరిచి పట్టుకునే ఉన్నారు పిల్లా,
పట్టుకున్న చెయ్యి వదిలేదాకా
పోయినదీ పోయినట్టు కాదు, వాళ్ళ లెక్కలో.
పట్టుకున్న ప్రోగ్రామ్‌ని ఆపి, మళ్ళీ లేపాం.
ఆ పేరు మాత్రం నేనే తీశాను.
ఎంటర్ నొక్కడానికి కాస్త సేపు పట్టింది.

ఆరూ ఇరవై పడవ తెరమీదికొచ్చింది.
ముగ్గురు మనుషులు, ఒక బంగాళాదుంపల బస్తా ఎక్కాయని
బెలార్మినో ఫోను. థాంక్స్ అనలేదు. అనడు.

ఇప్పుడడుగు, ఏ సిస్టమ్ అని.
మీ అన్నయ్యది అందంగా ఉంటుంది, నిజమే.
పడిపోతే మర్యాదగా, ఏదో జరిగింది అంటుంది.
ఏం జరిగిందో అడిగితే మళ్ళీ ఏదో జరిగింది అంటుంది.
దాంతో బంగారంలాంటి పని చేసేవాళ్ళని ఎరుగుదును,
దెబ్బలాడను.
కానీ ఇందాక వేలు పెట్టి చూపించావే,
ఆ సగం వరుస,
నీకు అది దాచకుండా చూపించేది కావాలి.
లినక్స్ ఎక్కించు. ఈ సర్వర్ మాట్లాడేదీ అదే.
ఎల్లుండి వైఫై రాకపోతే నన్ను తిట్టుకో,
గుమ్మంలో మనిషిని నేనే అనుకో.

ఎక్కించడం మొదలెట్టావు.
భాష అడిగింది. కీబోర్డు అడిగింది.
ఎక్కడున్నావని అడిగి ఊళ్ళ పట్టిక చూపించింది,
అందులో మన దీవి లేదు.
సాంతియాగో అని నొక్కు, ఫరవాలేదు.
అక్కడా అప్పుడప్పుడు వాన పడుతుందట.